వెనక కుడిచక్రం కూత

4, ఆదివారం

కారు వెనక బ్రేకులు నేనే మార్చాను. డిస్కులు రెండూ కొత్తవి, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు నాలుగూ కొత్తవి. పొద్దున టీ తాగి జాకీ ఎత్తినవాణ్ణి, చేతులు కడుక్కునేసరికి ఎండ గోడ దిగింది. నడుం పట్టేసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి ఇదొక లెక్కా? ఏ యంత్రమైనా ఒకటే. తిరిగేది తిరగాలి, ఆగేది ఆగాలి, మధ్యలో ఉన్నది అరవకుండా ఉండాలి. బ్రేకు ముందుకీ వెనక్కీ జరగడానికి లోపల రెండు పిన్నులుంటాయి, అవి జారుతుండాలి. ఎడమవైపు వాటికి ప్యాడ్లతోపాటు వచ్చిన గ్రీజు పొట్లం సరిపోయింది. కుడివైపుకి వచ్చేసరికి పొట్లాన్ని పిండినా రాలేదు. అంతమాత్రానికి బజారుకి ఎవడు పోతాడు? చొక్కా జేబులో నా పొడుగుముక్కు నూనెడబ్బా ఉండనే ఉంది. రెండేసి చుక్కలు వేశాను. పిన్ను వెన్నలో చాకులా జారింది. గ్రీజు బండికి, నూనె మిషనుకి అనేవాడు నాకు పని నేర్పిన మేస్త్రి. కారు మిషను కాదా ఏం?

మా ఆవిడ ముందు నుంచీ సైలెన్సర్ షెడ్డుకి తీసుకెళ్ళమంటోంది. సైలెన్సర్ అంటే వీధి చివర మెకానిక్. వాడి షెడ్డులో బళ్ళన్నీ అరుస్తాయి, వాడొక్కడే మాట్లాడడు, అందుకని నేనే పెట్టాను ఆ పేరు. రెండేళ్ళ కిందట వాళ్ళావిడ కుట్టుమిషను బిగుసుకుపోతే నన్ను పిలవకుండా వాడే ఇంజనాయిలు పోశాడు. మిషను జిడ్డు తాగి మూర్ఛపోయింది. దాన్ని బాగుచెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ సంగతి అందరికీ చెప్పడానికి రెండేళ్ళు పట్టింది, ఇంకా చెబుతూనే ఉన్నాను. అలాంటివాడి దగ్గరికి నేను బ్రేకుల కోసం వెళ్ళడమేమిటి?

సాయంత్రం ఆవిడే నడిపింది. వచ్చే బుధవారం కాక పై బుధవారం, పద్నాలుగున డ్రైవింగ్ పరీక్ష. అది నెగ్గితే పందొమ్మిది నుంచి పెద్ద నర్సు ఉద్యోగం. రెండు ఆసుపత్రుల మధ్య వేళాపాళా లేకుండా తిరగాలి, కనక సొంతంగా బండి నడిపేవాళ్ళకే ఇస్తారట. ఈసారి తప్పితే ఆ కుర్చీ వరసలో వెనకున్నావిడకి పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చూస్తున్న కుర్చీ.

"బాగా ఆగుతోందండీ" అంది వీధి మలుపులో.

మా కాపురంలో నా పనికి 'బాగా' అన్న మాట పడటం అరుదు. అందుకే తారీఖు వేసి రాసుకుంటున్నాను.

ఇప్పటిదాకా రోజూ పొద్దున్నే ఆసుపత్రికి నేనే దింపుతున్నాను. దారంతా ఏదో ఒకటి వాగుతాను, ఆవిడ నవ్వుతుంది. ఇంట్లో ఆవిడకి నవ్వే తీరిక ఉండదు. ఇక ఆ డ్రైవరు పని తప్పుతుంది. హాయి.


5, సోమవారం

చప్పుడు లేదు. నా చెయ్యి అలాంటిది.


7, బుధవారం

సాయంత్రం ఆవిడ నడుపుతుంటే వెనకనుంచి సన్నగా కూత.

"ఏవండీ, పిల్లి అరిచినట్టు లేదూ?"

"పిల్లే అయ్యుంటుంది."

"కారుతోపాటు వస్తోందండీ పిల్లి."

"ప్రేమించి ఉంటుంది."

నవ్వింది. కొత్త డిస్కులు కదా, కొత్త చెప్పుల్లాంటివి. నాలుగు రోజులు కిర్రుమంటాయి, తర్వాత సర్దుకుంటాయి. రేపు చూద్దాం.


8, గురువారం

సర్దుకోలేదు.

పొద్దున ఆవిణ్ణి దింపి ఒక్కణ్ణే తిరిగొస్తుంటే నా కాలి కింద కూడా కూసింది. బ్రేకు తొక్కినా కూసింది, వదిలినా కాసేపు కూసింది. రేడియో పెట్టాను. ఇక వినపడలేదు.

సాయంత్రం మళ్ళీ ఆవిడ నడిపింది. మళ్ళీ కూత. "ఇదేమిటండీ?" అని నావైపు చూసింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. నోటికొచ్చింది చెప్పాను.

"నువ్వు బ్రేకు మీద కాలు ఆనించే నడుపుతున్నావు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళందరూ అంతే. నీ కాలు బరువు, దానికి తెలీదు పాపం."

తమాషాకే అన్నాను. ఆవిడ నవ్వలేదు. వంగి తన పాదం వంక చూసుకుంది. రోడ్డు మీద కళ్ళుండాలని నేనే కసిరాను.

రేపు చూద్దాం.


9, శుక్రవారం

పొద్దున ఆవిణ్ణి రేడియో వింటూ దింపాను. కొట్టుకి పోయే ముందు చక్రం విప్పి చూశాను. డిస్కు వెనక ఒక పల్చటి రేకు ఉంటుంది, దుమ్ము పడకుండా. అది వంగి డిస్కుకి రాసుకుంటోందని తేల్చి, స్క్రూడ్రైవరుతో అవతలికి వంచాను. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. చప్పుడు లేదు. సైలెన్సర్ షెడ్డు ముందునుంచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఒకసారి చాలు, రెండోది వాడికోసం.

సాయంత్రానికి మళ్ళీ మొదలైంది.

ఆవిడ ఇవాళ బ్రేకు మీద కాలు పెట్టడానికే భయపడింది. పెట్టిన కాలు నిప్పు తొక్కినట్టు తీసేసింది. నేర్చుకున్నదంతా మర్చిపోయిన దానిలా నడిపి, మలుపులో ఆపాల్సినచోట ఆపక చెత్తడబ్బాని గుద్దింది. డబ్బాకి సొట్ట, కారుకి గీత. దిగి డబ్బాని నిలబెట్టి, పడ్డ చెత్త తనే ఎత్తింది. తర్వాత డ్రైవరు సీటులో కూర్చోలేదు, అటుపక్క నుంచి వచ్చి నా తలుపు తీసింది.

"మీరు నడపండి. నేను పరీక్షకి వెళ్ళను. సోమవారం డ్రైవింగ్ టీచరుకి ఫోను చేసి చెప్పేస్తాను."

"అదేమిటి?"

"ఈ వయసులో నా కాలు నేర్చుకోదండీ. రేపు దారిలో ఎవరైనా అడ్డం వస్తే? మనుషుల్ని బతికించే ఉద్యోగం నాది."

"నీ ఇష్టం" అన్నాను. "నేనున్నాగా దింపడానికి."

టీ నేనే పెట్టాను. ఇవాళ టీ ఎందుకో బాగా కుదిరింది.


10, శనివారం

నేను లేచేసరికి ఆవిడ లేదు. బస్సులో వెళ్ళిపోయింది.


10, మళ్ళీ

మధ్యాహ్నం కొట్టు మూసి భోజనానికి ఇంటికొస్తే, ముందుగదిలోంచి టకటకమని చప్పుడు. నా పాత కాలిమిషను. దాన్ని ఎవరూ ముట్టరే అనుకుని కిటికీలోంచి చూశాను.

ఆవిడే. శనివారం ఒంటిపూట డ్యూటీ, ఆసుపత్రి బట్టలైనా మార్చుకోలేదు. మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. మిషనుకి దారం లేదు, గుడ్డ లేదు. తొక్కుడుపలక మీద కుడికాలు పెట్టి నొక్కుతోంది, తీస్తోంది. "నొక్కు. తియ్యి. పూర్తిగా తియ్యి" అని తనకి తనే చెప్పుకుంటోంది. సరిగ్గా తియ్యనప్పుడల్లా మోకాలి మీద చిన్న దెబ్బ వేసుకుంటోంది.

నేను లోపలికి వెళ్ళలేదు. వీధిలోకి వెళ్ళి కాసేపాగి, చెప్పులు గట్టిగా ఈడుస్తూ వచ్చాను. లోపలికొచ్చేసరికి వంటింట్లో ఉంది.

"ఎండగా ఉందా?" అంది.

"ఉంది" అన్నాను.

భోజనంలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో గుర్తులేదు.


11, ఆదివారం

ఆవిడకి ఇవాళ కూడా డ్యూటీ. బస్సులోనే వెళ్ళింది. నేను కారు తీసుకుని పెద్దరోడ్డు మీద పోయొచ్చాను, రేడియో లేకుండా. దారిపొడవునా కూసింది. దిగి వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిది సెగలు కక్కుతోంది.

చల్లారాక రెండింటినీ జాకీ ఎత్తి చేత్తో తిప్పాను. ఎడమది రంగులరాట్నంలా తిరిగింది. కుడిది అర చుట్టు తిరిగి కూసి ఆగిపోయింది. అంటే బ్రేకు తొక్కకపోయినా ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉన్నాయి. కాలు తియ్యనిది ఆవిడ కాదు, బ్రేకే.

విప్పాను. పైన పిన్ను జారుతోంది. కింద పిన్ను ససేమిరా అంది. సుత్తితో బతిమాలితే వచ్చింది. దాని చివర చిన్న రబ్బరు తొడుగుంటుంది, అది మొన్న సన్నగా ఉండేది. ఇవాళ చూస్తే, పెళ్ళిభోజనం చేసొచ్చిన మా బావమరిది బొజ్జలా ఉంది. ఎందుకు ఉబ్బిందో బుర్రకెక్కలేదు. ఎక్కినా ఎక్కనివ్వలేదేమో.

పిన్ను జేబురుమాల్లో చుట్టుకుని సైలెన్సర్ షెడ్డుకి నడిచాను. వీధి చివరికి అంత దూరమని ఇవాళే తెలిసింది.

వాడు బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళతో మాట్లాడాను.

"తమ్ముడూ, ఒకటి చూసిపెట్టాలి."

కాళ్ళు కదిలాయి, మనిషి వచ్చాడు. రుమాలు విప్పాడు. పిన్నుని వేళ్ళమధ్య తిప్పాడు. రబ్బరు నొక్కాడు. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వాసన చూసి నన్ను చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. ఆ వాసన వాడికి తెలుసు. మూడు రోజులు వాళ్ళింట్లో కూర్చుని ఆ నూనెతోనే నేను వాళ్ళావిడ మిషను కడిగాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వితే బాగుండేది.

"మీ నూనేగా అన్నా?"

"రెండు చుక్కలే."

"రబ్బరు తాగేసింది. ఉబ్బింది. పట్టేసింది." పిన్ను మళ్ళీ రుమాల్లో పెట్టాడు. "ఇంకెక్కడైనా వేశారా? ప్యాడ్ల మీద?"

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకోండి."

"లేదు తమ్ముడూ, ఒట్టు."

"ప్యాడ్ల మీద పడుంటే చప్పుడు వచ్చేది కాదన్నా. బ్రేకే వచ్చేది కాదు."

రెండేళ్ళలో వాడు నాతో మాట్లాడిన పెద్ద మాట అది. ఆ సీటులో కూర్చున్నది ఎవరు, పక్కన కూర్చుని పిల్లి ప్రేమించిందని చెప్పినది ఎవరు?

కొత్త రబ్బర్లు, రబ్బరుకి పడే గ్రీజు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కుడివైపంతా విప్పి, కడిగి, తుడిచి, పిన్నులకి గ్రీజు రాశాడు. ప్యాడ్లు తీసి వెలుతురులో పెట్టి అటూ ఇటూ చూశాడు. అవి ఇంకా పాడవలేదన్నాడు. ఎడమవైపు కూడా విప్పి చూసి, "ఇది బాగా చేశారు" అన్నాడు. చక్రం తిప్పి వదిలాడు. అది తిరుగుతూనే ఉంది.

"ఎంతివ్వను?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. చేతులు తుడుచుకున్నాడు. గేటుదాకా వెళ్ళి ఆగాడు.

"మా ఆవిడకి మీరే చెప్పాలి."

"చెబుతాను."

"ముందు మీ ఆవిడకి."


11, సాయంత్రం

ఆవిడ బస్సు దిగి వచ్చింది. చెప్పులు విప్పనివ్వలేదు నేను.

"ఆ కూత నీ కాలిది కాదోయ్. నా నూనెది."

మొత్తం చెప్పాను. గ్రీజు అయిపోవడం, రెండు చుక్కలు, రబ్బరు ఉబ్బడం, సైలెన్సర్ వాసన చూడటం. ప్యాడ్ల సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాలని నోరు తెగ ప్రయత్నించింది. ఆవిడ సంచి బల్ల మీద పెట్టి నిలబడే విన్నది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇవాళే."

"నూనె సంగతి సరే. నా కాలిది కాదని ఎప్పుడు తెలిసింది?"

నర్సు కదా. నొప్పి ఎక్కడో చూడకుండానే వేలు పెడుతుంది.

"గురువారం పొద్దున. నేను నడిపినా వచ్చింది."

"రేడియో పెట్టక ముందా?"

"... ముందే."

"అనుకున్నాను. శుక్రవారం నన్ను దింపుతూ రేడియోలో ధరవరలు అంత గట్టిగా పెట్టారు. చెవుడేమైనా వచ్చిందేమో, డాక్టరుకి చూపిద్దామనుకున్నాను."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. స్టూలు మీద కూర్చుంది.

"పరీక్ష పోతే పోనీండి. నిన్న వార్డులో ఒకావిడకి సూది వేస్తూ, నా చెయ్యి సరిగ్గానే ఉందా అని ఆగి చూసుకున్నానండీ. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు."

నేను ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను.

"ఎందుకన్నారు అలా?" అంది.

చెప్పాను. అది ఇక్కడ రాయక్కర్లేదు. ఈ డైరీకి మొదటి నుంచీ తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ నుదురు కొట్టుకుంది.

"పిచ్చి మనిషీ! పొద్దున ముప్పావుగంట నా పక్కన కూర్చోవాలనుంటే నోరు పెట్టుకుని అడగాలి. దానికి నా కాలు విరుస్తారా?"

"ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను మద్దెలకి చిల్లు పెట్టి, ఆడేదాని కాలు వంకరన్నాను."

"సామెతలకేం లోటు లేదు" అంది. కానీ పెదవి ఒక పక్క కదిలింది. నేను చూశాను.

లేచి చెయ్యి చాపింది. "కీ."

ఇచ్చాను.

"పక్కన కూర్చోండి. మాట్లాడకండి. రేడియో ముట్టకండి. నా పాదం వంక చూశారంటే దింపేసి పోతాను."

పెద్దరోడ్డు దాకా వెళ్ళాం. మొదట రెండు మలుపుల్లో భయపడింది. మూడోచోట ఆగింది. ఆ తర్వాత ఆగాల్సిన ప్రతిచోటా ఆగింది. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. తిరిగొచ్చేటప్పుడు చెత్తడబ్బా దగ్గర వేగం తగ్గించి, "క్షమించు నాయనా" అంది దానితో. నాతో ఇంకా మాట్లాడలేదు. దాని వంతు ముందొచ్చింది, అంతే.


12, సోమవారం

టీచరుకి ఫోను చెయ్యలేదు ఆవిడ.

కొట్టుకి వెళ్తూ సైలెన్సర్ ఇంటి దగ్గర ఆగాను. వాళ్ళావిడ మిషను మీద ఏదో కుడుతోంది.

"రండి అన్నయ్యా. ఏంటి, మా మిషను మీద బెంగపెట్టుకున్నారా?"

"లేదమ్మా. ఒకటి చెప్పాలి. నేను మా కారు బ్రేకుకి కుట్టుమిషను నూనె పోశాను."

ఆమె కాలు ఆగిపోయింది. సూది గుడ్డలోనే ఉంది.

"పోసి?"

"పాడుచేశాను. మీ ఆయన బాగుచేశాడు."

ఇంకేముంది! ఆ నవ్వుకి పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూశారు. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది, "ఇంకోసారి చెప్పండన్నయ్యా" అంది. ఇంకోసారి చెప్పాను. లోపలి గదిలో సైలెన్సర్ బూట్లు తొడుక్కుంటున్నాడు. వాడు నవ్విన చప్పుడు వినపడలేదు గానీ, బూటు లేసు కట్టుకోవడానికి అంతసేపు ఎవరికీ పట్టదు.

సాయంత్రానికి కొట్టుకొచ్చిన ముగ్గురిలో ఇద్దరికి సంగతి తెలిసిపోయింది. మూడో ఆయనకి నేనే చెప్పాను. ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటేనే రుచి.


13, మంగళవారం

ఆవిడ నడిపింది. నేను మాట్లాడలేదు. గొంతు దురద పెట్టింది.


14, బుధవారం

పరీక్షపెట్టే ఆయన చిన్నప్పటి నుంచీ నవ్వనట్టున్నాడు. ఆవిడ పక్కన కూర్చుని అట్ట పట్టుకున్నాడు. నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. కారు గేటు దాటి వెళ్ళింది. నేను జేబులో చెయ్యిపెట్టి నూనెడబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను. పక్కనున్నాయన, "ఎవరికి పరీక్ష?" అన్నాడు. "నాకే" అన్నాను.

తిరిగొచ్చారు. కారు గీత మీద కచ్చితంగా ఆగింది. ఆయన దిగి, అట్ట మీద ఏదో రాసి, ఆవిడకి కాగితం ఇచ్చాడు.

"బ్రేకు మీద మీకు మంచి అదుపుందమ్మా. బ్రేకులూ బాగున్నాయి. ఎక్కడ చేయించారు?"

"మా ఆయనే చేశారండీ" అంది. నా ఛాతీ ఒక అంగుళం లేచింది. "తర్వాత బాగుచేయించుకున్నాం."

ఆయన నవ్వాడు. నవ్వొచ్చిన మనిషే.


19, సోమవారం

ఆవిడ మొదటిరోజు. కొత్త చీర కాదు, పాత చెప్పులే. "ఈ చెప్పులైతే కాలికి తెలుసు" అంది.

నేను మామూలుగా లేచి, మామూలుగా చొక్కా వేసుకుని, కారు తలుపు దాకా వెళ్ళి ఆగాను. మరిచిపోయాను. ఆవిడ చూసింది. కారెక్కి, అద్దం సర్దుకుని, కిటికీ దించింది.

"ఆదివారాలు నాకు సెలవు. ఆరోజు మీరు నడపాలి. ఎక్కడికో నాకు తెలీదు, మీరే చూసుకోండి. దారిలో మాత్రం వాగాలి."

"ఎంతసేపు?"

"ముప్పావుగంటకి తగ్గకుండా."

వెళ్ళింది. గేటు దగ్గర నిలబడి విన్నాను. ఆ కూత ఉండుంటే ఎంతదాకా పోయిందో తెలిసేది, సైలెన్సర్ షెడ్డు దాటిందా, మలుపులో ఆగిందా అని. ఏమీ వినపడలేదు. అంత మంచి పని చేశాం నేనూ సైలెన్సరూ.

మలుపు దగ్గర ఉన్నట్టుండి హారన్ మోగింది, రెండుసార్లు. అక్కడ అడ్డమొచ్చేవాళ్ళెవరూ ఉండరు ఆ వేళకి. అది నాకే.

హారన్ గొంతు కొంచెం బొంగురుపోయినట్టుంది. ఆదివారం విప్పి చూడాలి. నూనె ముట్టను.